గడ్డి మిషనుకి నాలుగు స్టార్లు, దాంతో వచ్చిన కళ్లజోడుకి సున్నా

ముందే చెప్పేస్తున్నాను, ఈ గడ్డి కోసే మిషను, అదే బ్రష్ కట్టర్ అంటారే, అది బాగుంది. కొనొచ్చా లేదా అన్న ఒక్క ముక్క కోసం వచ్చినవాళ్లకి జవాబు అదే, కొనొచ్చు. కానీ దాంతో పాటు పెట్టెలో 'సేఫ్టీ కిట్ ఫ్రీ' అని పడేసిన సామాను ఉంది చూడండి, అది చాలులే అనుకుని పెరట్లోకి దిగితే మాత్రం కన్ను పోగొట్టుకునే ఛాన్సుంది. ఆన్‌లైన్‌లో ఈ మిషన్లకి రాసిన రివ్యూలన్నీ చదివాను, అందరూ 'పవర్ సూపర్, మైలేజీ సూపర్' అనేవాళ్లే, ఒంటిమీద ఏం వేసుకుని కోశారో ఒక్కరూ రాయలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

మా ఇల్లు గజపతినగరం వైపు. ఇల్లు పోను పెరడు ఇరవై సెంట్ల దాకా ఉంటుంది, నాలుగు కొబ్బరిచెట్లు, రెండు మామిడి, ఒక మునగ, మిగతాదంతా గడ్డే. వానాకాలం మొదలైందంటే తుంగ, గరిక, వయ్యారిభామ కలిసి నడుం దాకా లేస్తాయి. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను కదా, చుట్టాలంతా మా ఇంట్లో దిగి విజయనగరం వెళ్లొస్తారు, పిల్లలు పెరడంతా తిరుగుతారు, కాబట్టి ఆ లోపు శుభ్రం అయిపోవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే మనుషులు దొరకరు. దొరికినా మధ్యాహ్నం అన్నం వేళకి వెళ్లినవాళ్లు మళ్లీ కనబడరు. అందుకని పోయినేడు మిషను కొనేశాం.

మాది 35 సీసీ, ఫోర్ స్ట్రోక్, భుజానికి బెల్టుతో తగిలించుకునే రకం. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇదే బొమ్మకి స్టిక్కరు మార్చి రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, నేను తిట్టబోయేది కూడా దాదాపు అన్నిటికీ వర్తిస్తుంది. టూ స్ట్రోక్ అయితే రెండు మూడు వేలు తక్కువకే వచ్చేది, బరువూ తక్కువ. కానీ దానికి పెట్రోల్లో ఆయిల్ కలపాలి, కంపెనీని బట్టి లీటరుకి 20 మిల్లీ అని ఒకడు, 40 మిల్లీ అని ఒకడు రాస్తాడు, మా ఇంట్లో ఎవరికో ఒకరికి ఆ లెక్క గుర్తుండక ఉత్త పెట్రోలు పోసేస్తే ఇంజను పట్టేస్తుంది. ఫోర్ స్ట్రోక్‌కి ఆ గొడవ లేదు, పెట్రోలు వేరు, ఇంజనాయిల్ వేరు. ఆయిల్ పట్టేది 100 మిల్లీ మాత్రమే, కాబట్టి స్టార్ట్ చేసే తాడు లాగే ముందు ప్రతిసారీ మూత తిప్పి చూసుకోవాలి.

కోత విషయంలో నాకు ఒక్క కంప్లయింటూ లేదు. గరికకీ తుంగకీ నైలాన్ దారం, కాడ ముదిరిన వయ్యారిభామకీ చిన్న చిన్న పొదలకీ మూడు పళ్ల బ్లేడు. మనిషి రోజంతా కోసేది ఒక పొద్దున్నే అయిపోతుంది. దారం చుట్టుకునే ఆ ప్లాస్టిక్ తల మాత్రం నాసిరకం, నేలకి తాటిస్తే దారం బయటికి రావాలి, రాదు, లోపల ఒకదానికొకటి అతుక్కుపోతుంది. దాన్ని విసిరేసి, దారం ముక్కలు కోసి గుచ్చుకునే అల్యూమినియం తల వేయించాను, హాయిగా ఉంది.

ఇక ఆ కళ్లజోడు. పల్చటి ప్లాస్టిక్కు, పక్కల నుంచి గాలి, దుమ్ము రెండూ ధారాళంగా వస్తాయి, వెనక ఎలాస్టిక్కు లాగితే ఒక కొక్కెం చేతిలోకి వచ్చేసింది. అద్దం మీద గానీ ఫ్రేము మీద గానీ ఏ ముద్రా లేదు. కంటి రక్షణ అద్దాలకి మన దేశంలో ఐఎస్ 5983 అని ఒక ప్రమాణం ఉంది, యూరప్ సరుకైతే ఎక్కువగా ఈఎన్ 166 అని రాసుంటుంది, అలాంటిది ఏదో ఒకటి ఉండాలి కదా, ఏదీ లేదు. వేలితో కొంచెం వంచి చూస్తే మడత పడిన చోట తెల్లగా గీత పడింది, వదిలాక కూడా ఆ గీత పోలేదు. ముక్కుకి ఆనే చోట పోత సరిగా లేక కరుకుగా అంచు ఉంది, అది గీరుకుంటుంది. చెమట పట్టిన నిమిషంలో లోపలంతా ఆవిరి, ముందు ఏముందో కనబడదు, కనబడక పైకి ఎత్తుతాం, ఎత్తిన క్షణంలోనే రాయి వచ్చేది.

రాయి వస్తుందా అంటే, వస్తుంది. మాది ఒకప్పుడు పెంకుటిల్లు, విప్పినప్పుడు పెంకులన్నీ ఏరామనుకున్నారు గానీ ముక్కలు మట్టిలో ఇప్పటికీ ఉన్నాయి. ఈ మిషను తల నిమిషానికి ఆరేడు వేల చుట్లు తిరుగుతుంది. దానికి పెంకు ముక్క తగిలితే ఎటు పోతుందో చూసే టైం కూడా ఉండదు, 'ఠప్' మని చప్పుడు మాత్రం వినబడుతుంది. నేను విడిగా కొన్న ఫేస్ షీల్డ్ ఉంది, పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్కుది, నుదుటి నుంచి గడ్డం కింద దాకా వచ్చేది. దాని మీద ఎడమ కంటికి సరిగ్గా ఎదురుగా మినపగింజంత గుంట ఉంది, చుట్టూ సన్నటి గీతలు, గుంటలో పెంకు ఎర్రరంగు కొంచెం ఇంకా అంటుకునే ఉంది. తుడిచినా పోలేదు. ఎవరైనా ఆ షీల్డు ఎందుకురా దండగ అంటే ఆ గుంట చూపిస్తాను, అంతే. షీల్డు కింద మామూలు మంచి గాగుల్స్ కూడా పెట్టుకోవాలి, ఎందుకంటే షీల్డు కింద నుంచి పొడి, గడ్డి నలుసులు పైకి లేస్తాయి. జల్లెడలా ఇనప వల ఉండే రకం షీల్డులు కూడా అమ్ముతారు, వాటిలో గాలి బాగా ఆడుతుంది, ఆవిరి పట్టదు, కానీ చిన్న చిన్న నలుసుల్ని ఆపలేవు, కాబట్టి వాటికైతే లోపల గాగుల్స్ తప్పనిసరి.

మొదటిసారి ఇదంతా తగిలించుకుని బయటికొస్తే మా చిన్నాన్న వీధరుగు మీద కుర్చీలో కూర్చుని, "ఏట్రా ఈ వేషం? మేం చేలు కోసినప్పుడు కాళ్లకి చెప్పులైనా ఉండేవా?" అన్నాడు. "కొడవలి రాయిని కొడితే కొడవలి మొద్దవుద్ది చిన్నాన్నా, ఇది కొడితే రాయి ఎగురుద్ది" అన్నాను. ఆయన ఏమీ అనలేదు గానీ కుర్చీ మాత్రం లోపలికి లాక్కున్నాడు.

అన్నట్టు ఆ దూరం సంగతి. మిషను పుస్తకంలో 15 మీటర్ల లోపు మనిషి గానీ పశువు గానీ ఉండకూడదని రాసుంటుంది. మా పెరడు నడిమధ్య నిలబడితే నాలుగు వైపులా గోడలకి 15 మీటర్లు ఉండదు, ఇక పక్కింటి అత్త కోళ్లు, వీధిలో పార్కు చేసిన బళ్లు, గోడ మీంచి తొంగిచూసే పిల్లలు అదనం. మన ఇళ్ల మధ్య ఆ లెక్క కుదరదు, కాబట్టి చేసేది ఏమిటంటే, మొదలెట్టే ముందు పక్కింటికెళ్లి ఒక మాట చెప్పడం, పిల్లల్ని లోపల పెట్టి తలుపు గడియ వేయడం, గోడ దగ్గర ఉన్న గడ్డిని మిషనుతో ముట్టుకోకుండా కొడవలితో కోసుకోవడం. ఎవరైనా వెనక నుంచి వచ్చి భుజం తట్టకూడదు, ఇది ఇంట్లో గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తట్టగానే మనిషి మిషనుతో సహా గిర్రున తిరుగుతాడు. మా ఇంట్లో ఇప్పుడు రూలు ఏమిటంటే, దూరంగా ఎదురుగా వచ్చి తువ్వాలు ఊపడం.

గంబూట్లు కిట్‌లో లేనే లేవు. నాకు అర్థం కాని సంగతి ఇదే, గడ్డి మిషనుకి కళ్లజోడు తర్వాత కావాల్సింది బూట్లు, అవి ఇవ్వకుండా నారింజరంగు టోపీ ఒకటి ఇచ్చారు, బట్టది, అది ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. మోకాలి కింద దాకా వచ్చే గంబూట్లు కొనండి, వేలి దగ్గర ఇనప టోపీ ఉన్నవి దొరికితే ఇంకా మంచిది. ఒకటి పెంకులు, రాళ్లు ముంగాలి ఎముకకి తగలకుండా. రెండోది పాములు. మన వైపు గడ్డిలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అన్నీ ఉంటాయి. రక్తపింజర కదలకుండా పడుకుని ఉంటుంది, మిషను చప్పుడుకి పారిపోతుందని నమ్మకం పెట్టుకోకండి, దగ్గరికెళితే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది, కానీ ఇంజను మోతలో ఆ బుస మనకి వినబడదు. అందుకే నేను ముందు పొడుగు కర్రతో గడ్డంతా కొట్టుకుంటూ ఒక రౌండు వేస్తాను, పాత ఇటుకల గుట్ట, కొబ్బరి డొక్కల కుప్ప దగ్గర ఇంకో రౌండు. అప్పుడే గడ్డిలో దాగిన రాళ్లు, సీసాలు, తీగలు కూడా ఏరుకోవచ్చు, ఒకే నడకలో రెండు పనులు.

ఒకవేళ కాటేసిందనుకోండి, గట్టిగా తాడు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, మంత్రం వేయించడానికి తిరగకూడదు. కాటు పడిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయడమో, ఉన్న బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లడమో. పైన చెప్పిన ఆ నాలుగు పాముల విషానికీ ఒకే మందు పనిచేస్తుంది, కాబట్టి పాముని వెతికి చంపి పట్టుకెళ్లనవసరం లేదు, ఆ టైం దండగ. మీకు దగ్గర్లో ఏ ప్రభుత్వాసుపత్రిలో ఆ మందు ఉంచుతారో ముందే కనుక్కుని పెట్టుకోండి, గడ్డి కోయకపోయినా సరే.

పురుగుల సంగతి ఒక్క ముక్క. స్క్రబ్ టైఫస్ పేరు ఈ మధ్య అందరూ వింటున్నారు కదా, అది గడ్డిలో, పొదల్లో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు పిల్లలు కుడితే వస్తుంది, కంటికి కనబడవు. ఫుల్ ప్యాంటు, ప్యాంటు అంచు బూటు లోపలికి, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, పని అవగానే స్నానం, బట్టలు విడిగా తడపడం. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుతో 'గడ్డిలో పని చేశాను' అని చెప్పండి, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు మచ్చ ఉందేమో చూసుకోండి. తెలిస్తే మందు మామూలు మందే, తెలియకపోతేనే కష్టం.

వయ్యారిభామ పడనివాళ్లు చాలామంది ఉంటారు, మా అమ్మకి ముట్టుకుంటే దద్దుర్లు. పూత రాకముందే కోసేయడం మంచిది, కోసేటప్పుడు మాస్కు, చేతికి తోలు గ్లవ్స్. కిట్‌లో ఇచ్చిన గ్లవ్స్ అల్లిక గ్లవ్స్, ఆకు రసం ఇట్టే లోపలికి దిగుతుంది.

చెవుల గురించి ఎవరూ పట్టించుకోరు. ఈ మిషన్ల మోత ఆపరేటరు చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాకా ఉంటుంది. 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలుండొచ్చని లెక్క, అక్కడి నుంచి 3 పెరిగిన ప్రతిసారీ ఉండదగ్గ టైం సగం అవుతుంది, అలా లెక్కేసుకుంటే 100 దగ్గర పావుగంట. కోసి వచ్చాక చెవిలో గుయ్యిమంటుందే, అది అలసట కాదు. నాలుగైదు వందల్లో ఇయర్ మఫ్ దొరుకుతుంది, కిట్‌లో ఉన్న నురుగు ముక్కలు చెవిలో నిలవవు.

నేను ఒక స్టారు కట్ చేసింది ఈ బెల్టుకే. మంచి బెల్టుకి ఒక ఎర్ర పట్టీ ఉంటుంది, లాగితే మిషను ఒక్క క్షణంలో కింద పడిపోవాలి. దీనికి అది లేదు, ఉత్త కొక్కెం ఉంది, కొక్కెం విప్పాలంటే మిషను బరువు ఎత్తి పట్టుకుని విప్పాలి. కందిరీగల తుట్టె కదిలిందనుకోండి, పెట్రోలు కారి మంట లేచిందనుకోండి, అంత ఓపిక ఎవడికుంటుంది? మామిడి చెట్టు కింది కొమ్మల్లో, పొదల్లో కందిరీగలు గూళ్లు పెడతాయి, ఇంజను అదురుకి లేచి మీదకొస్తాయి. బెల్టు విడిగా మార్పించాను, వెయ్యి రూపాయల లోపే అయింది, రెండు భుజాలకీ పడుతుంది, నడుం దగ్గర మెత్త ఉంది, అందుకే నడుం నొప్పి కూడా తగ్గింది.

గార్డు, అంటే బ్లేడు వెనక మన కాళ్ల వైపు ఉండే ప్లాస్టిక్ రేకు. అద్దెకి కోసే కుర్రాళ్లు చాలామంది దాన్ని పీకేస్తారు, గడ్డి చుట్టుకుంటోందని. నిజమే, తడి గడ్డి చుట్టుకుంటుంది, ఆపి తీసుకోవాలి, విసుగే. కానీ గార్డు లేకుండా కోసేవాడిని మా పెరట్లో దిగనివ్వను. నైలాన్ దారం బదులు సైకిల్ బ్రేకు తీగ, గొలుసు ముక్కలు కట్టి కోసేవాళ్లు కూడా ఉన్నారు, ఆన్‌లైన్‌లో గొలుసు తలలు దర్జాగా అమ్ముతున్నారు. ఆ గొలుసులో ఒక లింకు తెగితే అది వెళ్లే వేగానికి అడ్డు ఏమీ ఉండదు. విడివిడి ఇనప ముక్కలు కలిపి చేసిన అలాంటి తలల్ని యూరోపియన్ యూనియన్ 2012లో మార్కెట్ నుంచి తీసేయించింది. ఇక్కడ మాత్రం అయిదు స్టార్ల రివ్యూలు.

బ్లేడు వాడేవాళ్లకి ఇంకో సంగతి. పై నుంచి చూస్తే బ్లేడు గడియారానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. కాబట్టి కుడి నుంచి ఎడమకి ఊపుతూ, బ్లేడు ఎడమ సగంతో కోయాలి. ముందు వైపు కుడి మూల, గడియారంలో 12కీ 3కీ మధ్య భాగం, రాయికో మొద్దుకో తగిలిందంటే మిషను మొత్తం కుడి పక్కకి తన్నేస్తుంది, చేతిలో నిలవదు. షాపులో డెమో ఇచ్చినతను చోక్ ఎక్కడ, తాడు ఎలా లాగాలి అని చూపించాడు గానీ ఈ మాట చెప్పలేదు. బ్లేడు నట్టుకి మర ఉల్టా ఉంటుందని కూడా చెప్పలేదు, మామూలు నట్టు బిగించే వైపు తిప్పితే ఇది వదులవుతుంది. తెలియక బలమంతా పెట్టి తప్పు వైపు తిప్పితే స్పానరు జారి పిడికిలి వెళ్లి బ్లేడు పంటికి తగులుతుంది. బ్లేడు దగ్గర చెయ్యి పెట్టే ముందు ఇంజను ఆపడమే కాదు, స్పార్క్ ప్లగ్గు టోపీ పీకి పక్కన పెట్టండి, గడ్డి తీయడానికైనా సరే.

పెట్రోలు వేడి ఇంజను మీద పోయకండి, సైలెన్సర్ మీద చుక్క పడితే భగ్గుమంటుంది. ఒక గ్లాసు మజ్జిగ తాగేంత సేపు ఆగితే అది చల్లారుతుంది, మనమూ చల్లారుతాం. పోసిన చోటే స్టార్ట్ చేయకుండా పది అడుగులు పక్కకి జరగండి. కూల్‌డ్రింక్ సీసాలో పెట్రోలు దాచి వంటగది గట్టు మీద పెట్టే ఇళ్లు నాకు తెలుసు, దయచేసి వద్దు. సీజను అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపించి పెట్టండి, ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది, నెలల తరబడి ఉంచితే కార్బొరేటర్‌లో తేమ, జిగురు పట్టి వచ్చే ఏడు తాడు లాగీ లాగీ భుజం పడిపోతుంది.

ఇంత సామాను వేసుకుంటే ఉడికిపోమా అంటే, ఉడికిపోతాం. మన ఉక్కపోతలో పొద్దున్న ఆరింటికి మొదలెట్టి ఎండెక్కేలోపు ఆపేయడమే మార్గం. మంచు తడికి బూటు జారుతుంది, ముఖ్యంగా గట్టు వాలు మీద, అక్కడ మిషను వద్దు. కరెంటు మిషను కొందామని మా బావ తెగ ఊగాడు, చవక, బరువు లేదు, మోత లేదు. కానీ మన పెరళ్లలో వానాకాలం తడి నేల మీద, అతుకుల వైరు లాక్కుంటూ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు కూడా లేని ఇంట్లో అది కొనడం కంటే కొడవలి మేలు. బ్యాటరీది అయితే పర్వాలేదు, అయిదారు సెంట్ల పెరడుకి సరిపోతుంది.

షాపు గురించి కూడా చెప్పాలి. మిషను కొన్న షాపువాళ్లు బిల్లు అయ్యేదాకా బాగా మాట్లాడారు, ఆ కళ్లజోడు కొక్కెం ఊడిందని తీసుకెళితే 'ఫ్రీగా ఇచ్చిందానికి వారంటీ ఏంటండీ' అన్నారు. షీల్డు, బూట్లు, మఫ్ మాత్రం విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక పాత హార్డ్‌వేర్ షాపులో కొన్నాను, అక్కడి పెద్దాయన నా చేత షీల్డు పెట్టించి, తల కిందికి పైకి ఊపమని, జారట్లేదని చూశాకే ఇచ్చాడు. బూటు కొనేటప్పుడు మందపు మేజోళ్లు వేసుకుని చూడమన్నాడు, ఆ మాట వినకపోతే ఒక సైజు చిన్నది తెచ్చుకునేవాడిని.

మొత్తం మీద విడిగా కొన్నవాటికి మూడు వేలు దాటింది. మిషను బడ్జెట్టు పన్నెండు వేలు అనుకున్నవాళ్లు తొమ్మిది వేల మిషను చూసుకోండి, మిగతా మూడు వేలు వీటికి ఉంచండి, పవర్ కొంచెం తగ్గినా గడ్డికి తేడా తెలియదు. అయిదారు సెంట్లున్నవాళ్లు పెట్రోలు మిషను అసలు కొనకండి, బ్యాటరీది చాలు, లేదంటే మిషనుకి గార్డు ఉన్న కుర్రాడిని అద్దెకి పిలవండి. మా ఊళ్లో ఇప్పటికే ఒకరిద్దరు మిషను అడిగారు. షీల్డూ బూట్లూ వేసుకుంటేనే ఇస్తానన్నాను. ఒకాయన సరేనని బూట్ల సైజు అడిగాడు, ఇంకొకాయన లుంగీ మీదే కోస్తానని పట్టుబట్టి, చివరికి మా కొడవలి పట్టుకెళ్లాడు. ఇంకా తిరిగివ్వలేదు.